విమానం ఎక్కే ముందు పవర్ బ్యాంక్, ఫోన్, ల్యాప్‌టాప్ ఎలా సర్దుకోవాలి?

పవర్ బ్యాంకుని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఎందుకని అడిగితే మాత్రం ‘పేలుతుందట’ అని ఊరుకుంటారు. పేలే వస్తువే అయితే మనుషులు కూర్చునే చోటికే తెచ్చుకోమని ఎందుకంటున్నారు? కింద సామాన్ల గదిలో పడేస్తే గొడవ వదిలిపోదా? ఈ సందేహం తీరితే మిగతా రూల్సు బట్టీ పట్టాల్సిన పని ఉండదు. అందుకని సర్దుడు మొదలుపెట్టే ముందు కారణం చూసేద్దాం.

ముందు కారణం

లిథియం అయాన్ సెల్ లోపల రెండు పల్చటి రేకులు చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. ఒకటి రాగిది, ఒకటి అల్యూమినియంది. రెండింటి మీదా రసాయనాల పూత, మధ్యలో అడ్డుగా తల వెంట్రుక కంటే సన్నటి ప్లాస్టిక్ పొర, వీటన్నిటినీ తడుపుతూ తేలిగ్గా అంటుకునే ద్రావకం. ఆ పొర ఎక్కడైనా చిరిగినా, సుమారు 130 డిగ్రీల దగ్గర కరిగినా లోపల షార్ట్ అవుతుంది. షార్ట్ వల్ల వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయన చర్య జోరందుకుంటుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. దీన్నే థర్మల్ రనవే అంటారు. ఒక సెల్ ఇలా పోతే దాని వేడికి పక్క సెల్ కూడా అదే దారి పడుతుంది. పవర్ బ్యాంకులో, ల్యాప్‌టాప్‌లో ఇలాంటి సెల్స్ అరడజను దాకా పక్కపక్కనే ఉంటాయి.

ప్రయాణికుల విమానం కింది భాగంలో మంట పుడితే ఆర్పడానికి హేలాన్ అనే వాయువు ఉంటుంది. బట్టలు, కాగితాలు, అట్టపెట్టెల మంటకి అది బాగా పనిచేస్తుంది. బ్యాటరీ విషయంలో పైమంట ఆగుతుంది గానీ సెల్ చల్లబడదు. లోపల పని లోపల జరుగుతూనే ఉంటుంది. పైగా గాల్లో ఉండగా అక్కడికి మనిషి వెళ్ళే దారి లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఒక పరీక్ష చేసి, 2017లో దాని ఫలితాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ ముందు పెట్టింది. సూట్‌కేసులో ఫుల్ ఛార్జి ఉన్న ల్యాప్‌టాప్, దాన్ని ఆనుకుని ఒక డ్రై షాంపూ స్ప్రే డబ్బా. ల్యాప్‌టాప్ బ్యాటరీని కావాలనే వేడెక్కించారు. వెంటనే మంట లేచింది, 40 సెకన్ల లోపే డబ్బా పేలింది. హేలాన్ పనిచేసే వ్యవధి కూడా లేదని తేల్చారు. మనం సూట్‌కేసులో ల్యాప్‌టాప్ పక్కనే బట్టల సందులో దూర్చే డియోడరెంట్ ఆ షాంపూ డబ్బాకి ఏం తీసిపోదు.

2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో యూపీఎస్ సంస్థ సరుకు విమానం, బోయింగ్ 747, కూలిపోయింది. దాని సరుకులో పెద్ద ఎత్తున లిథియం బ్యాటరీలు ఉన్నాయి. మంట అక్కడే మొదలైంది. పొగకి కాక్‌పిట్‌లో మీటర్లు కూడా కనబడని స్థితి వచ్చింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో కార్గోగా పంపడాన్ని ఐసీఏఓ 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది.

అదే మంట పైన క్యాబిన్‌లో పుడితే ఎవరో ఒకరికి వాసన తగులుతుంది, పొగ కనబడుతుంది, సిబ్బంది నీళ్ళతో పరిగెత్తుకొస్తారు. కాబట్టి ఈ వ్యాసం అంతటికీ సూత్రం ఒక్కటే: బ్యాటరీ ఎప్పుడూ మీ కంటికి కనబడే చోట, చేతికందే చోట ఉండాలి. కింద చెప్పేవన్నీ దీన్నుంచి వచ్చినవే.

1. ఇంట్లోనే బ్యాటరీలన్నీ ఒక చోట పోయండి

ప్రయాణానికి ముందు రోజు మంచం మీద ఒక దుప్పటి పరిచి, బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ దాని మీద పెట్టండి. ఫోన్, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ ఎలాగూ గుర్తుంటాయి. గుర్తుండనివి వేరే: ఇయర్‌బడ్స్ డబ్బా, స్మార్ట్ వాచీ, ట్రిమ్మర్, ఎలక్ట్రిక్ బ్రష్షు, మెడలో వేసుకునే చిన్న ఫ్యాను, ఛార్జింగ్ టార్చి, బ్లూటూత్ స్పీకర్, పిల్లల రిమోట్ కారు, కెమెరా స్పేర్ బ్యాటరీ, ‘అక్కడ ఎవరికైనా పనికొస్తుంది’ అని పెట్టిన పాత ఫోను. కిరాణా కొట్లో దొరికే మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే బీపీ మెషీన్ లాంటి వాటితో ఈ గొడవ లేదు. టెన్షన్ అంతా లిథియంతోనే.

ఇక్కడే మనవాళ్ళ దగ్గర ప్రత్యేకంగా జరిగేది ఒకటుంది. అమెరికాకో, కువైట్‌కో వెళ్తున్నామని తెలియగానే వీధి చివర వాళ్ళు కూడా ఒక పొట్లం తెస్తారు. ‘మా అబ్బాయికి ఇచ్చేయండి వదినా, పచ్చడే’ అంటారు. పచ్చడితో పాటు చెల్లెలు పంపిన ట్రిమ్మరో, మనవడి బొమ్మో అందులో ఉండొచ్చు. మొహమాటపడకుండా విప్పించి చూడండి. టేపు చుట్టి, గుడ్డలో కుట్టి తెచ్చిన డబ్బా అయినా సరే. బ్యాటరీ వస్తువు ఉంటే తీసి మీ హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి, లేదా తిరిగి ఇచ్చేయండి. సూట్‌కేసు మీ పేరు మీద వెళ్తుంది, కౌంటర్లో పిలిచేదీ మిమ్మల్నే.

2. లేబుల్ చదవండి, లెక్క కట్టండి

ఇది కాస్త ఓపికగా చేయాల్సిన పని. విమానాల వాళ్ళు చూసేది ఎంఏహెచ్ కాదు, వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందన్న లెక్క. పవర్ బ్యాంకుని వెనక్కి తిప్పి చూస్తే నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. ఫోన్ టార్చి వేసి కాస్త పక్కకి వంచితే గానీ కనబడవు. అందులో డబ్ల్యూ, హెచ్ అనే రెండు అక్షరాల పక్కన ఉన్న అంకె కావాలి. పేరున్న కంపెనీలు దాన్ని ముద్రిస్తాయి.

లేకపోతే మీరే కట్టుకోవచ్చు. ఎంఏహెచ్ అంకెని 3.7తో (లోపలి సెల్ వోల్టేజీ అది) గుణించి వెయ్యితో భాగించండి.

10,000 ఎంఏహెచ్ అంటే 37 వాట్-అవర్లు.
20,000 అంటే 74.
27,000 అంటే 99.9.
30,000 అంటే 111.

చాలామంది ఇక్కడే తికమక పడతారు. లేబుల్ మీద రెండు కెపాసిటీలు ఉంటాయి. 20,000 ఎంఏహెచ్ బ్యాంకు మీదే ‘5 వోల్టుల దగ్గర సుమారు 12,000’ అని ఇంకో అంకె కనబడుతుంది. అది బయటికి వచ్చే కరెంటు లెక్క. మనకి కావాల్సింది లోపలి సెల్ లెక్క, అంటే 20,000 ఇంటూ 3.7. అయిదుతో గుణిస్తే 100 వచ్చి అనవసరంగా కంగారు పడతారు.

ఇప్పుడు అంతర్జాతీయ నిబంధన. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా తీసుకెళ్ళొచ్చు. 100 దాటి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి, అలాంటి స్పేర్లు రెండే. 160 దాటితే ప్రయాణికుడి సామానులో ఎక్కడా కుదరదు, వీల్‌చైర్ లాంటి వాటికి తప్ప. ఇప్పటి స్మార్ట్‌ఫోన్ 20 వాట్-అవర్ల చుట్టుపక్కల ఉంటుంది. ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ 100 లోపే. యాపిల్ 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో బ్యాటరీ సరిగ్గా 100 దగ్గర ఆగింది, అది ఊరికే కుదిరిన అంకె అనిపించదు.

చవక సరుకు గురించి ఒక మాట. బజార్లో, ఆన్‌లైన్‌లో ‘50,000 ఎంఏహెచ్’ అని ఆరొందలకి అమ్మే పవర్ బ్యాంకులు ఉంటాయి. లోపల వాడే 18650 సైజు సెల్ ఎంత మంచిదైనా 3,500 ఎంఏహెచ్‌కి అటూ ఇటూగా ఆగుతుంది, ఒక్కోటి సుమారు 45 గ్రాములు తూగుతుంది. 50,000 కావాలంటే అలాంటివి పధ్నాలుగు పదిహేను ఉండాలి. అంటే సెల్స్ బరువే ముప్పావు కిలోకి దగ్గరవుతుంది. మీ చేతిలోది పావుకిలో కూడా లేకపోతే లేబుల్ అబద్ధం. అయితే తమాషా ఏమిటంటే, సెక్యూరిటీ వాళ్ళు నమ్మేది లేబుల్‌నే. 50,000 అంటే 185 వాట్-అవర్లు, కాబట్టి తీసి పక్కన పెడతారు. ‘అది ఉత్త అంకె సార్, లోపల అంత లేదు’ అని వాదించి గెలిచేదేం ఉండదు. అక్షరాలన్నీ చెరిగిపోయిన పాత బ్యాంకుకీ ఇదే గతి. ఏమీ కనబడకపోతే వాళ్ళు ఒప్పుకోరు, అది న్యాయమే.

3. బ్యాటరీ ఆరోగ్యం చూడండి

లెక్క సరిపోయినంత మాత్రాన బ్యాటరీ మంచిదని కాదు. పవర్ బ్యాంకుని బల్ల మీద పెట్టి వేలితో ఒక మూల నొక్కండి. ఊగితే పొట్ట ఉబ్బినట్టే. ఫోన్ అయితే వెనక పలక అంచు లేచి ఉంటుంది, ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ పైకి పొంగి క్లిక్ సరిగ్గా పడదు. లోపల గ్యాస్ చేరిందన్నమాట. అలాంటిది హ్యాండ్ బ్యాగులో కూడా వద్దు. ఇంట్లోనే ఆపేయండి. చెత్తబుట్టలో వేయకండి, సూదితో పొడిచి గాలి తీయాలని అసలు చూడకండి. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.

ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది, గట్టిగా కింద పడి సొట్టపోయింది, నీళ్ళలో మునిగి తీసింది, తీపి వాసనో రసాయనపు వాసనో వచ్చేది, కంపెనీ వెనక్కి పిలిచిన మోడల్, ఇవన్నీ కూడా ప్రయాణానికి పనికిరావు. కంపెనీ వెనక్కి పిలవడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు వరసగా కాలిపోతుంటే అమెరికా వాటిని విమానాల్లో పూర్తిగా నిషేధించింది, ఆఫ్ చేసి జేబులో పెట్టుకున్నా సరే.

మన దేశంలో అమ్మే పవర్ బ్యాంకు మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో వస్తుంది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో సంబంధం లేని ఇంకో పేరు వచ్చిందంటే అనుమానించాల్సిందే. చైనా మీదుగానో, చైనా లోపలో తిరిగేవాళ్ళకి ఇంకోటి: 2025 జూన్ 28 నుంచి అక్కడి దేశీయ విమానాల్లో 3సీ అనే వాళ్ళ ముద్ర లేని పవర్ బ్యాంకులు ఎక్కనివ్వడం లేదు. ఇక్కడ కొన్నదాని మీద ఆ ముద్ర లేకపోతే అక్కడ వదిలేసుకోవాల్సి వస్తుంది.

4. ఏది ఏ బ్యాగులో

పవర్ బ్యాంకులు, విడిగా ఉన్న స్పేర్ బ్యాటరీలు కచ్చితంగా చేతి బ్యాగులోనే. ఇందులో మినహాయింపు లేదు.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు చేతి బ్యాగులో పెట్టుకోమనే అంతర్జాతీయ సలహా. తప్పనిసరై చెక్-ఇన్‌లో వేస్తే పూర్తిగా ఆఫ్ చేయాలి. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది గానీ ఆగిపోదు. షట్ డౌన్ కొట్టి, ఫ్యాన్ చప్పుడు ఆగిందని చూసుకుని పెట్టాలి. చుట్టూ మెత్తటి బట్టలు ఉండాలి, పక్కన స్ప్రే డబ్బాలు ఉండకూడదు. నన్నడిగితే చెక్-ఇన్‌లో ల్యాప్‌టాప్ అసలు వేయొద్దు. పచ్చడి జాడీ కోసం ల్యాప్‌టాప్‌ని కిందికి తోసేవాళ్ళని చూస్తుంటాం. జాడీ తర్వాత వచ్చేవాళ్ళతో పంపించుకోవచ్చు.

ట్రిమ్మర్, బ్రష్షు, బొమ్మ లాంటి చిన్న వస్తువుల బటన్ బ్యాగులో నలిగి దానంతటది ఆన్ అవ్వకుండా చూడండి. లాక్ ఉంటే వేయండి, లేకపోతే బటన్ మీద చిన్న టేపు ముక్క. టార్చి కూడా అంతే. బట్టల మధ్య గంటల తరబడి వెలుగుతూ ఉంటే అది కూడా వేడెక్కుతుంది.

స్పేర్ బ్యాటరీల కొనల మీద ప్లాస్టిక్ టేపు అంటించండి, లేదా ఒక్కోదాన్నీ విడిగా చిన్న జిప్ కవర్లో పెట్టండి. కెమెరా బ్యాటరీ, తాళాలగుత్తి, చిల్లర ఒకే జేబులో వేశారంటే తాళంచెవి రెండు కొనల్నీ కలిపేస్తుంది. బ్యాటరీ మంచిదే అయినా షార్ట్ అవుతుంది.

ఛార్జి ఎంత ఉండాలి? సరుకు విమానాల్లో పంపే విడి బ్యాటరీలకి 30 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. ఛార్జి తగ్గేకొద్దీ లోపల దాచుకున్న శక్తి తగ్గుతుంది, మంట జోరూ తగ్గుతుంది. ప్రయాణికుడికి అలాంటి రూలేం లేదు గానీ, పవర్ బ్యాంక్ సగం ఛార్జితో వెళ్తే చాలు. ఫోన్ మాత్రం ఆన్ అయ్యేలా ఉండాలి. అమెరికా వెళ్ళే విమానాల దగ్గర కొన్నిచోట్ల ఆన్ చేసి చూపించమంటారు.

ఎన్ని తీసుకెళ్ళొచ్చు అన్నది మాత్రం ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతోంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళలో చాలామంది ఎక్కే ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి 100 వాట్-అవర్ల లోపు పవర్ బ్యాంకు ఒక్కటే అంది, విమానంలో దాన్ని వాడొద్దంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో ఛార్జింగూ వద్దంది, పవర్ బ్యాంకుకి ఛార్జింగూ వద్దంది. ఇవి నెలకోసారి మారుతున్నాయి. టికెట్ బుక్ చేసిన రోజు చదివింది ప్రయాణం రోజుకి పాతబడిపోవచ్చు. రెండ్రోజుల ముందు ఎయిర్‌లైన్ సైట్లో బ్యాగేజీ పేజీ ఒకసారి చూడండి. మధ్యలో విమానం మారితే రెండో ఎయిర్‌లైన్‌ది కూడా చూడాలి.

5. కౌంటర్ దగ్గర, గేటు దగ్గర

శంషాబాద్‌లో బ్యాగు బెల్టు మీద వేశాక లోపల ఎక్స్‌రే చూసేవాళ్ళకి పవర్ బ్యాంక్ కనబడితే సూట్‌కేసు ఆగిపోతుంది. మిమ్మల్ని పిలిచి తెరవమంటారు. తాళంచెవి మీ దగ్గర ఉండి, అది ఏ మూల ఉందో గుర్తుంటే అయిదు నిమిషాల పని. ఏడు చుట్లు తాడు కట్టి, పైన ప్లాస్టిక్ చుట్టించి, తాళంచెవి అప్పటికే ఇంటికెళ్ళిపోయిన బావమరిది జేబులో ఉంటే మాత్రం పెద్ద కథే. తల్లిదండ్రులు ఒంటరిగా వెళ్తుంటే ఈ ఒక్క విషయం వాళ్ళకి రెండుసార్లు చెప్పండి.

గేటు దగ్గర ఇంకో చిక్కు ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి లాంటి చోట్లకి వెళ్ళే ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానాల్లో పై అరలు చిన్నవి. చక్రాల బ్యాగు పట్టదు. విమానం మెట్ల దగ్గర తీసుకుని కింద వేస్తారు. పెద్ద విమానాల్లో కూడా అరలు నిండిపోతే చివర ఎక్కేవాళ్ళ బ్యాగులు అలాగే తీసుకుంటారు. మీరు రూలు ప్రకారం చేతి బ్యాగులో పెట్టిన పవర్ బ్యాంక్ ఆ నిమిషంలో కింద గదికి వెళ్ళిపోతుంది! అందుకని బ్యాటరీలన్నీ ఒకే చిన్న సంచిలో వేసి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోండి. బ్యాగు ఇవ్వమన్నప్పుడు ఆ సంచి లాగి భుజానికి తగిలించుకుంటే సరిపోతుంది. సిబ్బంది అడగడం మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు.

6. సీట్లో కూర్చున్నాక

2025 జనవరి 28 రాత్రి దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో హాంకాంగ్ వెళ్ళాల్సిన ఎయిర్ బుసాన్ విమానం ఇంకా బయల్దేరకుండానే తోక వైపు పై అరలో మంట పుట్టింది. లోపల 176 మంది. జారుడు మెట్ల మీంచి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ విమానం పైకప్పు కాలిపోయింది. పవర్ బ్యాంక్ లోపల ఇన్సులేషన్ దెబ్బతినడం కారణం కావొచ్చని అక్కడి దర్యాప్తు అధికారులు చెప్పారు. అదే గాల్లో ఉండగా జరిగి ఉంటే ఎలా ఉండేదో ఊహించడానికే భయం వేస్తుంది. ఆ తర్వాత మార్చి 1 నుంచి కొరియా పవర్ బ్యాంకుల్ని పై అరల్లో పెట్టడం మాన్పించింది. 2025 అక్టోబరులో హాంగ్జౌ నుంచి ఇంచియాన్ వెళ్తున్న ఎయిర్ చైనా విమానంలోనూ పై అరలో బ్యాటరీ అంటుకుంది. షాంఘైలో దించాల్సి వచ్చింది.

పై అర కూడా క్యాబినే కదా అనుకుంటాం. మూత పడ్డాక అదీ కనబడని చోటే. నాలుగు బ్యాగుల కింద పుట్టిన పొగ మూత సందుల్లోంచి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. 2025 అక్టోబరు 19న ఢిల్లీలో దిమాపూర్ వెళ్ళాల్సిన విమానం రన్‌వే వైపు కదులుతుండగా ఒక ప్రయాణికుడి పవర్ బ్యాంక్ అంటుకుంది. అది ముందు సీటు జేబులో ఉంది. కళ్ళ ముందే ఉంది కాబట్టి సిబ్బంది వెంటనే ఆర్పేశారు, ఎవరికీ ఏం కాలేదు. ఈ రెండు రకాల ఘటనల మధ్య తేడా చూడండి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా 2025 నవంబరులో ఇచ్చిన సర్క్యులర్‌లో పవర్ బ్యాంకులు పై అరల్లో పెట్టొద్దంది, విమానంలో వాటితో ఛార్జింగ్ చేసుకోవద్దంది.

కాబట్టి కూర్చోగానే ఆ చిన్న సంచిని పై అరలో కాకుండా కాళ్ళ దగ్గర, ముందు సీటు కింద పెట్టుకోండి. పవర్ బ్యాంకు వైరు తీసేయండి. ఫోన్ ఛార్జి కావాలంటే సీటుకున్న పోర్టు వాడుకోండి. నిద్రపోయేటప్పుడు ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ దిండు కింద, దుప్పటి మడతల్లో పెట్టకండి. వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఫోన్ సీటు సందులోకి జారిపోతే? ఇది మామూలుగా జరిగేదే, చాలామంది చేసేది కూడా తప్పే. సీటు వెనక్కి ముందుకి జరిపి వెతుకుతారు, ముఖ్యంగా కరెంటుతో కదిలే బిజినెస్ క్లాసు సీట్లలో. లోపలి ఇనుప కమ్మీల మధ్య ఫోన్ నలిగి బ్యాటరీ చితికితే అక్కడికక్కడే పొగ మొదలవుతుంది. సీటు కదపకండి. లేచి నిలబడి సిబ్బందిని పిలవండి. వాళ్ళకి తీసే పద్ధతి తెలుసు.

7. పొగ వస్తే

ముందు గట్టిగా కేకేయండి. నలుగురూ చూస్తారని సిగ్గుపడే సమయం కాదది. పిలుపు బటన్ నొక్కి కూర్చుంటే సరిపోదు, మనిషికి వినబడాలి.

పొగ వస్తున్న వస్తువుని చేత్తో తీయకండి. సెల్ ఏ క్షణాన చిమ్ముతుందో తెలియదు. ఛార్జింగ్ వైరు తేలిగ్గా అందితే లాగేయండి, అంతవరకే. చుట్టుపక్కల వాళ్ళని లేపి దూరం జరగండి. పై అరలోంచి పొగ వస్తుంటే మూత మీరు తెరవొద్దు, గాలి తగిలితే మంట పెరుగుతుంది. ఆ పొగలో విషవాయువులు ఉంటాయి, కాబట్టి ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని కిందికి వంగండి.

సిబ్బంది ముందు సిలిండర్‌తో మంట ఆర్పుతారు, తర్వాత నీళ్ళు గానీ, మద్యం కాని ఇంకే ద్రవమైనా గానీ దండిగా పోస్తారు. మంట ఆరిపోయాక ఇంకా నీళ్ళెందుకు పోస్తున్నారు అనిపించొచ్చు. సెల్ లోపల వేడి తగ్గకపోతే పక్క సెల్ అంటుకుని మళ్ళీ మొదలవుతుంది, అందుకు. వాళ్ళు మీ దగ్గరున్న నీళ్ళ సీసా అడిగితే ఇచ్చేయండి. ఐస్ ముక్కలు మాత్రం పోయకూడదు, దుప్పటి కప్పకూడదు. రెండూ వేడిని లోపలే బంధిస్తాయి. కిందికి దిగాక ఖాళీ చేయమంటే బ్యాగులు వదిలేసి దిగండి. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంటే ఆ బెంగ కూడా ఉండదు.

8. ప్రత్యేక వస్తువులు

బ్యాటరీ వీల్‌చైర్‌కి రూల్సు వేరు, 160 దాటినా అనుమతి ఉంటుంది. కాకపోతే టికెట్ కొన్నప్పుడే ఎయిర్‌లైన్‌కి చెప్పాలి, బ్యాటరీ రకం, వాట్-అవర్లు, విప్పే పద్ధతి రాసిన కాగితం దగ్గర ఉండాలి. గురకకి వాడే సీప్యాప్ మెషీన్ బ్యాటరీకి కూడా ముందే అడగడం మంచిది. ఛార్జర్ ఉన్న స్మార్ట్ సూట్‌కేసు అయితే బ్యాటరీ చేత్తో ఊడి వచ్చేదై ఉండాలి. చెక్-ఇన్‌లో వేసేముందు దాన్ని తీసి దగ్గర పెట్టుకోవాలి. ఊడి రాని రకం కొనకండి. పిల్లలు ముచ్చటపడే హోవర్‌బోర్డుల్ని చాలా ఎయిర్‌లైన్లు అసలు ఎక్కనివ్వవు. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచే నిషేధం, బయట నుంచి తెచ్చినా ఇక్కడ ఇబ్బందే.

‘మన బ్యాటరీల మీద ఇన్ని ఆంక్షలు సరే, విమానంలో ఉన్నదాని సంగతేంటి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. 2013 జనవరి 7న బోస్టన్‌లో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787లో విమానం సొంత లిథియం అయాన్ బ్యాటరీయే కాలింది. తొమ్మిది రోజులకి జపాన్‌లో ఇంకో 787 బ్యాటరీ పొగతో తకమత్సులో అత్యవసరంగా దిగింది. ప్రపంచంలో ఉన్న 787లన్నీ, మన ఎయిర్ ఇండియావి ఆరుతో సహా, మూడు నెలలకు పైగా నేల మీదే ఉండిపోయాయి. తర్వాత సెల్స్ మధ్య ఎడం, ఇన్సులేషన్ పెంచి, బ్యాటరీని స్టీలు పెట్టెలో బంధించి, పొగ నేరుగా విమానం బయటికి పోయేలా గొట్టం పెట్టారు. మీ హ్యాండ్ బ్యాగుకి స్టీలు పెట్టే ఉండదు, గొట్టమూ ఉండదు.

9. దిగాక, తిరుగు ప్రయాణంలో

అవతల ఊళ్ళో కొన్న వస్తువులకి మళ్ళీ మొదటి నుంచి ఇవే మెట్లు. దుబాయ్‌లో చవగ్గా వచ్చిందని కొన్న పవర్ బ్యాంక్, అక్కడ అబ్బాయి ఇచ్చిన కొత్త ఫోన్, చెల్లెలి పిల్లలకి కొన్న డ్రోన్, అన్నిటి లేబుల్స్ చూడండి. అక్కడి నుంచి సామాను కార్గోలో పంపేవాళ్ళయితే పెట్టెలో బట్టల మధ్య పవర్ బ్యాంక్ దాచి ‘గృహోపకరణాలు’ అని రాయించకండి. ప్యాకింగ్ చేసే దుకాణం వాళ్ళకి ‘ఇందులో బ్యాటరీ ఉంది’ అని నోటితో చెప్పండి. వాళ్ళు ‘తీసుకోం’ అనొచ్చు. అప్పుడు దాన్ని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి, ఇక్కడ బీఐఎస్ నంబరు ఉన్నది కొనుక్కోండి.